మృతుల మాట, సజీవుల మాట

దయ్యముల కథలను పిల్లలు భయముతోను, పెద్దలు చిరునవ్వుతోను వినుట పరిపాటి. పిల్లలు పెద్దలగుదురు, కథలు అటకెక్కును. కాని అటువంటి కథలలోనే తన జాతి చరిత్రను, తన హృదయములోని వేదనను పొందుపరచిన రచయిత ఒకరు అమెరికాలో ఉండిరి. వారి పేరు రాండల్ కేనన్. ఈ పూట వారి కథలను గూర్చి శ్రోతలతో కొంత ముచ్చటింపవలెనని మా కోరిక.

కేనన్ 1963లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించిరి. పసితనముననే ఉత్తర కరోలినా రాష్ట్రములోని చింకపిన్ అను పల్లెకు చేరి, అవ్వ వరుసయైన ఒక పెద్దావిడ పెంపకమున పెరిగిరి. పొగాకు చేలు, పందుల పెంపకము, ఆదివారము చర్చి, అరుగులమీద పెద్దలు చెప్పుకొను కథలు — ఇదియే వారి బాల్యము. విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువబోయి సాహిత్యమునకు మరలిరి. తరువాత ఆ విశ్వవిద్యాలయముననే ఆచార్యులై, 2020లో 57 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి.

వారు నల్లజాతివారు, పురుషుడై పురుషుని ప్రేమించు స్వభావము కలవారు. మొదటి కారణమున వెలుపలి లోకము వేలెత్తి చూపును. రెండవ కారణమున తనవారే తల త్రిప్పుకొందురు. ఈ రెండు ఒంటరితనములను ఒకే గుండెలో మోయువాడు తన కథ ఎట్లు చెప్పవలెను? కేనన్ దానికి టిమ్స్ క్రీక్ అను ఒక గ్రామమును కల్పించి, ఆ గ్రామములోనికి దయ్యములను పిలిచిరి.

1989 నాటి నవల ‘ఎ విజిటేషన్ ఆఫ్ స్పిరిట్స్’ ఈ గ్రామపు కథయే. అందు హోరస్ అను పదునారేండ్ల బాలుడు తన మనస్సులోని ప్రేమను ఇంటను, చర్చియందును చెప్పుకొనలేక, మంత్రబలమున డేగయై ఎగిరిపోవ యత్నించును. లోకమును జయించుటకు కాదు, తన దేహమునుండి తాను తప్పించుకొనుటకు! రెక్కలు రావు. రాత్రియంతయు పిశాచములు వానిని తన గతములోనే త్రిప్పును. తెల్లవారునప్పటికి ఆ బాలుడు మనకు దక్కడు.

1992లో ‘లెట్ ది డెడ్ బరీ దెయిర్ డెడ్’ అను కథాసంపుటము వెలువడినది. మృతులను పాతిపెట్టు పని మృతులకే విడువుమన్న క్రీస్తు వాక్యమే దాని పేరు. అందు క్లారెన్సు అను పసివాని కథ యొకటి కలదు. గతించినవారు వానితో మాటాడుదురు; వారి కబురులను వాడు ఇరుగుపొరుగులకు చేరవేయును. ఆ ఊరనే ఒకామె తన పంది మాటాడుననును. ఇతరులెవ్వరును ఆ మాట వినలేదు. ఊరివారు నమ్మీ నమ్మక, భయపడుచు, వినుచునే యుందురు. రూపము కానరాని గొంతును ఇండ్లలోనికి చేర్చు వృత్తిలో నున్న మాకు ఈ కథ మరింత దగ్గరగా తోచినది.

సంపుటమునకు పేరిచ్చిన కథలో, బానిసత్వమునుండి పారిపోయిన నల్లవారు అడవిలో స్వేచ్ఛగా నెలకొల్పుకొన్న పల్లె కనిపించును. ఒక ముసలివాడు చెప్పుచుండగా భార్య అడ్డుతగులుచుండును. అడుగున పండితుని పాదసూచికలు! వ్రాతలో నిలువని చరిత్రను నోటిమాటయు, దయ్యములును కాపాడునని రచయిత భావము.

ఇక, మా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్న కథ ‘ది ఫౌండేషన్స్ ఆఫ్ ది ఎర్త్’. ఇందు దయ్యము లేదు. మ్యాగీ అను భక్తురాలైన వృద్ధురాలి మనుమడు ఎడ్వర్డు మరణించినాడు. అతడు గేబ్రియల్ అను తెల్లజాతి యువకునితో కాపురమున్నట్లు ఆమెకు అతని మరణానంతరమే తెలిసినది. కొన్ని నెలలకు ఆమెయే ఆ యువకుని తన ఇంటికి పిలిచినది. ఒక ఆదివారము పాదిరి మొదలగువారు అరుగుమీద కూర్చుండి, పొరుగు చేనిలో ట్రాక్టరు నడుపువాడు విశ్రాంతిదినమును మీరినాడని వాదించుచుందురు. ఆమె మనస్సు మాత్రము వేరొక ప్రశ్నను మోయుచున్నది: నేను పెంచిన బిడ్డను నేను ఎరుగనే లేదా? ఆమె తీర్పు చెప్పదు. తనకు తెలియనిది కలదని ఒప్పుకొని, ఆ వయస్సున మరల నేర్చుకొన నిశ్చయించును.

ఈ కథలు వెలువడిన నాటికి ఆ రాష్ట్రమున అట్టి సంబంధము చట్టరీత్యా నేరము. 2003లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతోనే అట్టి చట్టములు చెల్లనివైనవి. కాని తీర్పు అరుగువరకు నడచి రాలేదు. అక్కడ ఒక అవ్వ నోరు తెరచి అడుగవలెను, ఒక యువకుడు భయము విడిచి చెప్పవలెను.

మృతుల కబురులు చెవియొగ్గి విన్న ఊరు, బ్రతికియున్న తన బిడ్డ మాటను వినజాలకపోయినది. కేనన్ కథలన్నిటి వెనుక ఉన్న దుఃఖము ఇదియే. గేబ్రియల్‌తో మ్యాగీ మాటాడుట వారి ఆశ. హోరసు ఉన్న ఇంట అట్టి అవ్వ ఒకరుండినచో, ఆ బాలునకు రెక్కల అవసరమే ఉండెడిది కాదని మా నమ్మకము.