మన ఇంట ఒక మంచం
(సాంస్కృతికోత్సవాల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



"హైస్కూలు చదువు - ప్రపంచ పౌరసత్వం" అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మాట పెద్దది. 1974లో యునెస్కోవారు అంతర్జాతీయ అవగాహన పెంచే విద్య ఎలా ఉండాలో సిఫారసు చేశారు. 2023లో దానిని సవరించి మళ్ళీ ఆమోదించారు. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకొన్న లక్ష్యాలలో ప్రపంచ పౌరసత్వం అన్న మాట కూడా చేరింది. సంతోషమే. కాని ఈ పూట మేము చెప్పదలచింది అంతకంటె చిన్న సంగతి: మన ఇళ్ళలో ఖాళీగా పడి ఉన్న మంచం గురించి.

మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. మన పిల్లలు రెండు సంస్కృతుల నడుమ పెరుగుతున్నారు, వేసవిలో హైదరాబాదో విజయవాడో వెళ్ళివస్తున్నారు, కనుక పుట్టుకతోనే ప్రపంచ పౌరులని. మేము దీనిని ఒప్పుకోలేకున్నాము. అమ్మమ్మగారింటికి వెళ్ళడం వేరు, పరాయి ఇంట ఉండటం వేరు. అమ్మమ్మ ఇంట్లో మనవడు అలిగితే ఊరంతా కదిలి బతిమాలుతుంది. పరాయి ఇంట్లో అలిగితే తన అలక తానే తీర్చుకోవాలి. అక్కడి వంట తినాలి, వాళ్ళు లేచే వేళకు లేవాలి, వాళ్ళ జోకులకు ఎందుకు నవ్వుతున్నారో తెలియక కూర్చోవాలి. ఆ తెలియకపోవడంలోనే చదువు ఉంది. స్కూళ్ళలో ఐక్యరాజ్యసమితి నమూనా సభలు పెట్టి, మన పిల్లలు ఏదో ఒక దేశం పలక ముందు పెట్టుకొని ధారాళంగా మాట్లాడుతుంటే మనం చప్పట్లు కొడతాము. తప్పు లేదు. అయితే ఆ దేశపు పిల్లవాడు ఒక్కడైనా వాళ్ళ ఇంట అన్నం తిన్నాడా?

ఈ వినిమయ పథకాలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి. 1915లో ఫ్రాన్సు యుద్ధభూమిలో గాయపడ్డ సైనికులను చేరవేయడానికి కొందరు అమెరికా యువకులు స్వచ్ఛందంగా అంబులెన్సులు నడిపారు. ఆ దళమే అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండవ ప్రపంచ యుద్ధంలోనూ వారు అదే పని చేశారు. యుద్ధం ముగిశాక 1946లో కూడి ఆలోచించుకొన్నారు: దెబ్బ తగిలాక మోయడం కంటె, దెబ్బలాట రాకుండా చేసే పని ఏదైనా ఉందా అని. మరుసటి ఏడు 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను రప్పించి అమెరికా కుటుంబాలలో ఉంచి, ఇక్కడి హైస్కూళ్ళలో చదివించారు. వారిని హోటళ్ళలో దించలేదు, ఇళ్ళలో ఉంచారు. ఈ తేడా గమనించండి. శవాలను చూసివచ్చిన మనుషులు వెతుక్కొన్న మందు వంటింటి బల్ల.

ఇంకొకటి. 1683లో కొన్ని జర్మన్ కుటుంబాలు వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డాయి. 1983 నాటికి మూడు వందల ఏళ్ళు. ఆ గుర్తుగా అమెరికా కాంగ్రెసు, అప్పటి పశ్చిమ జర్మనీ పార్లమెంటు కలిసి ఇరు దేశాల యువతను ఒకరి ఇళ్ళకు ఒకరిని పంపే పథకం పెట్టాయి. వలస వచ్చినవారి వార్షికోత్సవాన్ని ఇలా కూడా జరుపుకోవచ్చునన్న మాట! మనకు 1977లో న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరిగింది. 2027తో యాభై ఏళ్ళు. శాలువాలు, జ్ఞాపికలు ఎలాగూ ఉంటాయి. మరింకేమి చేద్దాము?

ఇది తెల్లవారి సంప్రదాయం, మనకెందుకు అనేవారుంటే వారిని ఒకసారి మదనపల్లెకు తీసుకువెళతాము. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు ఆ ఊరి కళాశాలకు వచ్చారు. ప్రిన్సిపాలు ఐర్లండు దేశస్థుడైన జేమ్స్ కజిన్స్. ఠాగూరు తన "జనగణమన"ను ఆంగ్లంలోకి అనువదించింది అక్కడే, ఆ పాటకు స్వరలిపి కూర్చింది కజిన్స్ గారి భార్య మార్గరెట్. బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు, రాయలసీమ విద్యార్థులు! ఆ ఊరిలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను ఏ జాతికీ చెందినవాడిగా చెప్పుకోని మనిషి, ఆ దాపునే రిషివ్యాలీ పాఠశాలకు, 1975లో కాలిఫోర్నియాలోని ఓహాయిలో ఓక్ గ్రోవ్ పాఠశాలకు మూలపురుషుడు. 1978 నుంచి కొంతకాలం తన పాఠశాలలన్నింటికీ ఒకే లేఖ పంపుతూ వచ్చారు. రాయలసీమలోని బడి, కాలిఫోర్నియాలోని బడి ఒకే ఉత్తరం చదువుకొన్నాయి. ఆయన తత్త్వంతో ఏకీభవించాలని మేమనము. ఈ రెండు దేశాల హైస్కూళ్ళను ఒక తెలుగువాడు ఏనాడో ముడివేశాడని మాత్రం మనకు గుర్తుండాలి.

ఇక ఆటంకాల మాట. పంపడం కష్టమని మాకు తెలుసు. ఇక్కడ పదకొండవ తరగతి అంటే మార్కులు, కాలేజీ దరఖాస్తుల బెంగ. అక్కడ పదవ తరగతి పరీక్ష, వెంటనే ఇంటరు, దాని వెనక ప్రవేశ పరీక్షలు. గుంటూరులో ఏ తల్లినైనా "ఒక ఏడు పిల్లవాణ్ణి అమెరికా పంపు, మార్కులు లెక్కకు రావు" అని అడగండి, ఏమంటుందో! ఆమె భయం నిజమైనది, ఉపన్యాసాలతో పోదు. అందుచేత అక్కడి పిల్లలకు పదవ తరగతి ముగిసిన వేసవిలోనో, మన పిల్లలకు తొమ్మిది, పది తరగతుల నడుమనో కొద్ది వారాలతో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. అయితే ఆ వారాలు గోల్కొండ, చార్మినారు చూపించే యాత్ర కారాదు. బంధువుల ఇల్లు అసలే కారాదు.

ఇంట పెట్టుకోవడం అంతకంటె సులభం. ఇక్కడి హైస్కూలులో ఒక అర్ధ సంవత్సరమో, పూర్తి సంవత్సరమో చదవడానికి జె-1 వీసాపై వచ్చే పిల్లలకు కుటుంబాలు కావాలి. వయస్సు పదిహేను నుంచి పద్దెనిమిదిన్నర. కుటుంబానికి జీతం ఇవ్వరు. పన్నులో నెలకు 50 డాలర్ల వరకు మినహాయింపు కోరవచ్చు, దానితో వాడి పాల ఖర్చు కూడా వెళ్ళదనుకోండి. ఇల్లు చూడటానికి మనిషి వస్తారు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివారిపై పోలీసు కేసులున్నాయేమో విచారిస్తారు, మామగారు ఉంటే మామగారిపై కూడా! ఆయనకు ముందే చెప్పి ఉంచండి. పిల్లవాడికి సరైన మంచం ఉండాలి, గాలి ఊదే పరుపు పనికిరాదు.

"వాడు అమెరికా చూడాలని వస్తాడు, మన ఇంట్లో ఏమి చూస్తాడు?" అని మనవాళ్ళు సంకోచిస్తారు. ఈ మాట మాకు బాధ కలిగిస్తుంది. మూడవ తరం ఇక్కడ పుట్టాక కూడా మన ఇల్లు అమెరికా ఇల్లు కాదని మనమే అంటే, ఇంకెవరు అంటారు? పప్పన్నం తిని, అరటిపండు తీసుకొని బేస్‌బాల్ ఆటకు వెళ్ళే ఇల్లు కూడా అమెరికాయే.

మరొక చిక్కు మన మర్యాద. అతిథిని దేవుడన్నాము గనుక, వచ్చిన పిల్లవాడికి కొత్త అల్లుడికి చేసినట్టు చేస్తాము. అది పనికిరాదు. వాడు అతిథి కాడు, ఇంటి పిల్లవాడు. కంచం వాడే కడుక్కోవాలి, చెత్త బుట్ట వంతు వాడికీ రావాలి, ఆలస్యంగా వస్తే చీవాట్లు తినాలి. మన పిల్లలకు దక్కే లాభం కూడా ఇక్కడే ఉంది: "మీరు ఎందుకిలా చేస్తారు?" అని వాడు అడుగుతాడు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకో మన అమ్మాయి చెప్పవలసి వస్తుంది. తెలియకపోతే అమ్మమ్మకు ఫోను చేసి కనుక్కొంటుంది.

మనం సొంత ఊళ్ళలో బడులకు గదులు కట్టించాము, గోడపై పేర్లు చెక్కించాము. గొప్ప పనే. ఆ గదిలో మన పిల్లవాడు ఒక్క పూటైనా కూర్చొని పాఠం విన్నాడా, ఆ బడి పిల్ల ఒకతె మన ఇంట ఒక వేసవి గడిపిందా అన్నదే మా ప్రశ్న. 2027లోగా మన సంఘం నుంచి కనీసం ఐదు కుటుంబాలు పరాయి దేశపు విద్యార్థిని ఇంట పెట్టుకోవాలని, మనం సాయపడిన బడులలో రెండింటితోనైనా వేసవి వినిమయం మొదలుపెట్టాలని మా ఉపసంఘం కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నది. అంగీకరించే కుటుంబాలు భోజన విరామంలో హాలు ద్వారం దగ్గరి బల్లపై ఉన్న పుస్తకంలో పేరు, ఊరు, పిల్లల తరగతులు వ్రాయగోరుతున్నాము. ఇంట్లో ఒకరినొకరు అడిగి మరీ వ్రాయండి, ముఖ్యంగా గది పంచుకోవలసిన పిల్లలను.