ఒకే చేను మీద రెండు ఆర్డర్లు



నేను వకీలును కాను, ఉర్దూ మీడియం బడిలో టీచరును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నిజాం కాలపు భూమి కాగితాలు ఉర్దూలో ఉన్నందున, "సార్, ఇందులో ఏం రాసుందో చదివి పెట్టండి" అంటూ మనవాళ్ళు వస్తుంటారు. సేత్వార్, పహాణీలతో పాటు సంచిలో రెండు మూడు కోర్టు ఆర్డర్లు కూడా ఉంటాయి. ఒకటి ఇటు లాగితే ఇంకొకటి అటు లాగుతుంది. ఆ చిక్కు గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒకే చేనుకు పట్టాదారు ఒకరు, కబ్జాలో ఉండి దున్నేది మరొకరు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కునిచ్చింది. 1955 ఇనాముల రద్దు చట్టం కింద ఆర్డీవోలు సర్టిఫికెట్లు ఇచ్చారు. అదే భూమిని పట్టాదారు వారసులు రిజిస్ట్రీ చేసి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద భూమి విలువ పెరిగింది, దాంతో తగాదా కూడా పెరిగింది. ఒకరు సివిల్ కోర్టుకు పోతే, ఇంకొకరు ఆర్డీవో దగ్గరికి పోయారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. రెండు ఆర్డర్లు ఎదురెదురుగా కనిపించినా, అవి ఒకే ప్రశ్నకు జవాబులు కాకపోవచ్చు. కేసు నడుస్తుండగా ఇచ్చే ఇంజంక్షన్ తాత్కాలికం, ఆ కేసుతోనే పోతుంది. మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్చడం, దానివల్ల హక్కు పుట్టదు. హక్కు తేల్చేది సివిల్ కోర్టు డిక్రీ.

కాబట్టి ఆర్డర్లన్నీ తారీఖుల వారీగా ఒక కాగితం మీద రాయండి. ఇచ్చింది ఎవరు, తాత్కాలికమా ఆఖరుదా, కక్షిదారులు ఎవరు, అప్పీలు ఉందా, సర్వే నంబరు, విస్తీర్ణం ఒకటేనా అని చూడండి. ఆ కాగితం పట్టుకొని వకీలు దగ్గరికి పోతే సగం చిక్కు విడినట్టే. పాత ఆర్డరు దాచిపెట్టి కొత్త కేసు వేయడమంటే మూడో చిక్కు తెచ్చుకోవడమే. కేసు నడుస్తుండగా కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాల్సిందే. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తివేసింది. 2025 భూభారతి చట్టం అప్పీళ్ళకు మళ్ళీ దారి చూపింది. అప్పీలుకు గడువు ఉంటుంది, అది దాటనీయకండి.

రాజీ కుదిరేటట్టుంటే లోక్ అదాలత్ మంచి దారి. 1987 చట్టం ప్రకారం అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెండింగు కేసు అక్కడ తేలితే కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. అయితే వక్ఫ్ భూమి మన సొంతం కాదు. దాని హక్కు మీద కేసులో బోర్డు మంజూరు లేకుండా ముతవల్లీ రాజీపడరాదు. ఇనాం రద్దు కింద పట్టా వచ్చినంత మాత్రాన భూమి వక్ఫ్ కాకుండా పోదని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది.

చివరిగా ఒక మాట. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి తెచ్చుకున్న రాజీ, పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళను కట్టిపడేయదు. షరియత్ వారికి వాటా ఇచ్చింది. వారిని పిలవకుండా రాజీ చేసుకుంటే, ఆ చేను మీద మూడో ఆర్డరుకు మనమే దారి వేసినట్టు. ముందు వారిని కూర్చోబెట్టి, తరవాత కలం తీయండి.

సెలవు. ఖుదా హాఫిజ్.