విశ్వవిద్యాలయమును ఊరి కావలియు



విశ్వవిద్యాలయ మనగా చదువులు చెప్పు చోటనియు, దొంగల బెడద పోలీసువారి సంగతి యనియు మనము వేరువేరుగా నెంచుచుందుము. అమెరికా దేశమునందలి ఫిలడెల్ఫియా నగరమున ఈ రెండును ఒక్క పద్దులోనికి వచ్చినవి. ఆ వృత్తాంతమును నేడు మీకు విన్నవింతును. ఊరి కావలికి డబ్బెవరు పెట్టవలెనన్న తగవు మీకును క్రొత్తది గాదు గదా.

ముందుగా పాత కథ. 18వ శతాబ్దమున ఆ పట్టణమున గృహస్థులు వంతులవారీగా రాత్రి గస్తీకి రావలసియుండెను. రాలేనివారు ఏటికి 6 షిల్లింగులు కానిస్టేబులునకు చెల్లించి తప్పించుకొనువారు. అతడు ఆ సొమ్ము మూటగట్టుకొని, పనిలేక తిరుగువారికి కొంచెము సారాయి పోయించి కావలికి పెట్టువాడు. వారు గస్తీ మాని త్రాగుచు కూర్చుండువారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీనిని చూచి రోసెను. కాని యతనికి అంతకంటె నన్యాయముగా తోచినది వేరొకటి. 50 పౌనుల యాస్తియైన లేని బీద విధవరాలును, వేల పౌనుల సరుకు కొట్లలో నింపుకొన్న వర్తకుడును ఒక్కరీతిగా 6 షిల్లింగులే యిచ్చుట యెట్టి న్యాయము? తగిన మనుష్యులను జీతమునకు పెట్టి, ఆ వ్యయమును ఎవరి యాస్తికి తగినట్లు వారిపై వేయవలెనని యతడు వాదించెను. కొన్ని యేండ్లకు అది చట్టమునకు దారితీసెను.

ఇక వింత చూడుడు. ఆ ఫ్రాంక్లినే మూలపురుషుడైన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము నేడు ఆ నగరమున తక్కిన ప్రయివేటు సంస్థలన్నిటికంటె నెక్కువమందికి జీతము లిచ్చుచున్నది. అయినను అది ధర్మసంస్థ యగుటచే, చదువునకు వాడు భవనములకు ఆస్తిపన్ను లేదు. పూర్వము మన సర్వదుంబాలా మాన్యములకు శిస్తు లేకుండినట్లే. ప్రక్కవీధి కాపురస్థులు మాత్రము కట్టవలసినదే.

1996వ సంవత్సరపు శరత్తున ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకు డొకడు సమీప వీధిలో కత్తిపోట్లకు బలియయ్యెను. అంతకు కొన్ని వారముల ముందే ఒక విద్యార్థికి తుపాకిదెబ్బ తగిలెను. తల్లిదండ్రులు హడలిరి. గోడలు పెంచి తలుపులు బిగించుకొనుట సులభమైన మార్గము. అప్పటి అధ్యక్షురాలు జూడిత్ రోడిన్ ఆ మార్గము పట్టలేదు. 1997లో విశ్వవిద్యాలయమును ఇరుగుపొరుగు సంస్థలును కలిసి యూనివర్సిటీ సిటీ డిస్ట్రిక్ట్ అను సంఘమును స్థాపించి, చందాలు వేసికొనిరి. ఆయుధములు లేని కావలివారు వీధుల దిరుగుచు, రాత్రివేళ ఒంటరిగా బోవువారికి తోడు వెళ్లిరి. మరికొందరు చెత్త యెత్తిరి. ఇంటిముంగిట దీపములు పెట్టుకొనువారికి ఖర్చులో విశ్వవిద్యాలయము పాలుపంచుకొనెను. 2001లో ఆ పేట పిల్లలకై తెరచిన బడికి, పిల్ల యొక్కంటికి ఇంతయని యేటేట ధన మిచ్చెను. దీపమునకును దొంగతనమునకును ఏమి సంబంధ మందురేమో! మన యూళ్లలోను కోళ్లు మాయమగునది చీకటిసందులలోనే గదా.

ఆ విశ్వవిద్యాలయమునకు స్వంత పోలీసుదళమును గలదు. వారు తిరుగు హద్దునకు లోపలి వీధులను, హద్దు దాటగానే వచ్చు వీధులను పోల్చి 2016లో కొందరు పండితులు ఒక పరిశోధన ప్రకటించిరి. అదనపు పోలీసులవలన నేరములు నూటికి 45 మొదలు 60 వరకు తగ్గినవని వారి లెక్క. గొప్ప ఫలమే. కాని ఆ లెక్కలోనే ఒక ముల్లున్నది. వీధికి ఈ ప్రక్కన ధనవంతుని కాపు కలదు, ఆ ప్రక్కన లేదు.

నాకు మిక్కిలి నచ్చినది మరియొక పని. ఆ నగరమున పాడుపడిన ఖాళీస్థలములు వేలకొలది యుండెను. ఆ విశ్వవిద్యాలయపు పండితులును మరికొందరును 541 స్థలములను ఎంచుకొని, చీట్లు వేసినట్లు విభజించి, కొన్నిటిని బాగుచేయించి కొన్నిటిని ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. ఆ బాగు ఏమనగా, చెత్త యెత్తి, నేల చదును చేసి, పచ్చిక వేసి, నాలుగు చెట్లు నాటి, పొట్టి కర్రకంచె కట్టుట. అంతే. బీదపేటలలో అట్టి స్థలముల చుట్టుప్రక్కల తుపాకి దౌర్జన్యము నూటికి 29 వంతులు తగ్గెనని 2018లో ప్రకటించిరి. లాఠీ లేదు, ఖైదు లేదు.

అయినను పేటవారికి విశ్వవిద్యాలయముపై పాత కోపము చల్లారలేదు. 1960వ దశకమున బ్లాక్ బాటమ్ అను నల్లజాతివారి పేట నగరాభివృద్ధి పేరిట కూల్చబడి, వేలమంది చెదరిపోయిరి. ఆ పనిలో విశ్వవిద్యాలయమునకును పాలుండెను. ఇటీవల వీధులు వెలిగి, బడి మంచిదైన పిదప, ఇండ్ల ధరలు పెరిగి బీదలకు నిలువనీడ కరవగుచున్నది. కాపు వచ్చి కాపురము పోయినట్లయినది.

ఇట్లు స్వచ్ఛందముగా నిచ్చు ధనము దానమా, బాకీయా? దానమైనచో ఇచ్చువారు ఇష్టము తప్పినప్పుడు మానవచ్చును. బాకీయైనచో అడుగుటకు ఊరికి హక్కు కలదు. యాస్తికి తగిన కావలిపన్ను అన్న ఫ్రాంక్లిన్ లెక్కనుబట్టి చూడగా ఇది బాకీయే యని నా యభిప్రాయము. విశ్వవిద్యాలయమువారు 2020లో నగర పాఠశాలల మరమ్మతులకై పదియేండ్లలో 10 కోట్ల డాలర్లు ఇత్తుమని ప్రకటించిరి. అది వారు తమంతట తాము చేసిన వాగ్దానమే గాని పన్ను కాదు. పదియేండ్ల గడువు తీరిన పిదప ఇచ్చుటయు మానుటయు వారి చిత్తమే.