40 వేలలో మొదటి డిఎస్ఎల్ఆర్: బాడీకి ఎంత, లెన్స్‌కి ఎంత?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదే. గోదావరి జిల్లా నుంచి ఒక తమ్ముడు పంపించాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ ఇదీ: "అన్నా, డిగ్రీ చదువుతూ సాయంత్రం ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్నా. 40 వేలు కూడబెట్టా. మా ఊళ్లో పెళ్లిళ్లు తీసే ఒకాయన, సొంత కెమెరా ఉంటే సెకండ్ కెమెరాగా తీసుకెళ్తా అన్నారు. సెకండ్ హ్యాండ్ డిఎస్ఎల్ఆర్ కొననా? లేక ఇంకో 30 వేలు ఈఎమ్ఐ పెట్టి కొత్త మిర్రర్‌లెస్ కొననా?"

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఎందుకంటే "బెస్ట్ కెమెరా ఏది అన్నా" అని అడిగితే ఎవరూ సమాధానం చెప్పలేరు. ఈ తమ్ముడు ఎంత డబ్బు ఉంది, ఏం తీయాలి, ఎక్కడ తీయాలి, మూడూ చెప్పాడు. సమాధానంలో సగం ఆ మూడింట్లోనే ఉంది.

ముందు ఒక మాట. మీలో చాలామంది ఫోన్‌లోనే ఫోటోలు తీస్తారు. మంచి వెలుతురులో తీసి, ఫోన్‌లోనే చూసుకుని, ఇన్‌స్టాలో పెట్టేవాళ్లకి డిఎస్ఎల్ఆర్ అవసరమే లేదు. ఇంకా మాట్లాడితే, ఎండకి ఎదురుగా నిలబెట్టి తీసే ఫోటోలో ఫోన్ రెండు మూడు ఎక్స్‌పోజర్లు కలిపేసి మొహాన్నీ ఆకాశాన్నీ రెండింటినీ కాపాడుతుంది. డిఎస్ఎల్ఆర్ ఆ పని తనంతట తాను అంత సుఖంగా చేయదు. అందుకే కొత్తగా కొన్నవాళ్లు మొదటి వారం "నా ఫోనే బాగుందేంటి" అంటారు. నిజమే మరి.

మరి ఎక్కడ తేడా వస్తుంది? రాత్రి పదకొండింటికి ముహూర్తం, హాల్లో పసుపు లైట్లు, తలంబ్రాలు పోసుకుంటున్నారు. చేతులు కదులుతున్నాయి, బియ్యం గాల్లో ఉంది. అక్కడ ఫోన్ తేలిపోతుంది. ఫోన్ సెన్సార్ చిన్నది. అరంగుళం అని చెప్పుకునే ఫోన్ సెన్సార్ నిజంగా సుమారు 6.4 బై 4.8 మిల్లీమీటర్లు. కెనాన్ మామూలు డిఎస్ఎల్ఆర్ సెన్సార్ 22.3 బై 14.9. వైశాల్యం లెక్క వేస్తే పదింతల పైనే. వెలుతురు పట్టే గిన్నె అంత పెద్దదన్నమాట. ఇంకోటి, ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో పెళ్లికూతురు జడలో మల్లెపూల అంచులు ఎలా కోసేస్తుందో మీరు చూసే ఉంటారు. లెన్స్‌తో వచ్చే బ్లర్‌లో ఆ గొడవ లేదు, అది లెక్కలు కట్టి తెచ్చిన బ్లర్ కాదు కాబట్టి.

మెగాపిక్సెల్ సంగతి త్వరగా తేల్చేద్దాం. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ షీట్ ఎక్కువగా 12 బై 36 అంగుళాలు. అందులో ఒక పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేసినా 5400 ఇంటూ 3600, అంటే 19 మిలియన్ చిల్లర. 24 మెగాపిక్సెల్ కెమెరా ఆ పేజీ మొత్తం నింపేస్తుంది. ఫ్లెక్సీ షాపులో పనిచేసే తమ్ముడికి ఇది నేను చెప్పక్కర్లేదు. అంతే, ఇక దాని గురించి ఆలోచించొద్దు.

ఇప్పుడు బాడీ. కెమెరా లోకం మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయింది, దాచేదేం లేదు. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్, నికాన్ జెడ్ మౌంట్ రెండూ 2018లో వచ్చాయి, కొత్త లెన్సులు వాటికే వస్తున్నాయి. డిఎస్ఎల్ఆర్‌లో ఇక కొత్త మోడల్స్ కోసం ఎదురుచూడటం దండగ. కానీ అదే మనకి లాభం. స్టూడియోల వాళ్లు పాతవి అమ్మేస్తున్నారు, బాడీలూ లెన్సులూ మార్కెట్లో బోలెడు ఉన్నాయి. బ్యాటరీ కూడా చూడండి. నికాన్ డి3500 ఒక్క చార్జింగ్‌తో 1550 షాట్లని కంపెనీ లెక్క. కెనాన్ 200డి 650. కరెంటు ప్లగ్ కోసం పందిట్లో వెతుక్కునే పని ఉండదు.

సెకండ్ హ్యాండ్‌లో మన బడ్జెట్‌కి ఎక్కువగా కనపడేవి కెనాన్ 3000డి, 1500డి, 200డి, 200డి మార్క్ టూ. నికాన్‌లో డి3500, డి5600. వీటిలో 3000డి వద్దు. 18 మెగాపిక్సెల్ అని కాదు, లెన్స్ బిగించే మౌంటే ప్లాస్టిక్. రోజూ లెన్సులు మార్చేవాడికి అది పనికిరాదు. 1500డి, డి3500 ఫోటోకి మంచివే కానీ రెండింటికీ బయటి మైక్ పెట్టుకునే సాకెట్ లేదు. పెళ్లిలో ఎప్పుడో ఒకప్పుడు "కొంచెం వీడియో కూడా తియ్యరా" అంటారు, అప్పుడు ఇబ్బంది. 200డి, డి5600లో మైక్ సాకెట్ ఉంది, స్క్రీన్ తిరుగుతుంది. వీడియోలో ఫోకస్ మాత్రం 200డి చాలా ముందుంది, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ వల్ల.

ఇక్కడ ఒక తమాషా ఉంది, షాపు వాళ్లు కూడా చాలామంది చెప్పరు. ఫ్లాష్ తగిలించే హాట్ షూ మధ్యలో ఒక గుండ్రటి పిన్ ఉంటుంది. చౌక మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు ఆ పిన్ ద్వారానే వెలుగుతాయి. కెనాన్ 3000డి, 1500డి, 200డి మార్క్ టూ, ఈ మూడింట్లో ఆ పిన్ తీసేసింది. పాత 200డి, అంటే 2017లో వచ్చిన మొదటి మోడల్‌లో పిన్ ఉంది. పెళ్లిళ్లు తీయాలనుకునేవాడికి కొత్త మోడల్ కంటే పాత మోడలే మేలు. కొనే ముందు ఫోన్ టార్చ్ వేసి హాట్ షూలోకి చూడండి, ఐదు సెకన్ల పని.

నికాన్ తీసుకుంటే ఇంకో మెలిక. డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. లెన్స్‌లోనే మోటార్ ఉండాలి. 50 ఎమ్ఎమ్ 1.8డి అని ఒక పాత లెన్స్ చౌకగా దొరుకుతుంది. తగిలిస్తే తగులుతుంది, ఫోటో వస్తుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. తలంబ్రాల మధ్యలో చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చుంటారా? లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉందో లేదో చూసుకోండి. కెనాన్‌లో ఆ తలనొప్పి లేదు, ఈఎఫ్ లెన్సులన్నీ పనిచేస్తాయి.

సరే, అసలు విషయానికి వద్దాం. బాడీ కంటే లెన్స్ ముఖ్యం అని అందరూ అంటారు. ఎందుకో అంకెల్లో చూపిస్తా. కిట్‌తో వచ్చే 18-55 లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్ 5.6 దాటి తెరుచుకోదు. 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పదింతల వెలుతురు లోపలికి పంపుతుంది. కిట్ లెన్స్‌తో సెకనులో ఇరవయ్యో వంతు షట్టర్ దగ్గర ఆగిపోయిన ఫోటో, ఈ లెన్స్‌తో సెకనులో రెండొందలో వంతు దగ్గర వస్తుంది, ఐఎస్ఓ పెంచకుండానే. మొదటి దాంట్లో చేతులు చెదిరిపోతాయి, రెండో దాంట్లో బియ్యపు గింజలు గాల్లో ఆగి కనిపిస్తాయి. బాడీకి ఇంకో 20 వేలు ఎక్కువ పెట్టినా ఈ తేడా రాదు.

అలాగని 50 ఎమ్ఎమ్ అన్నిటికీ మందు కాదు. మనిషిని నిలువునా, తలపైనా కాళ్లకిందా కాస్త ఖాళీతో తీయాలంటే కెనాన్ మీద 50 ఎమ్ఎమ్‌తో సుమారు 15 అడుగులు వెనక్కి వెళ్లాలి. మన ఇళ్లల్లో హాలే పది పన్నెండు అడుగులు. వెనక్కి వెళ్తూ వెళ్తూ వీధిలోకి వచ్చేస్తారు. నికాన్ 35 ఎమ్ఎమ్ 1.8 అయితే పది అడుగులు చాలు. కెనాన్ 24 ఎమ్ఎమ్ ఎఫ్ 2.8 అయితే ఏడు అడుగులు. మరి ఏది కొనాలి? యూట్యూబ్‌లో వెతకొద్దు. కిట్ లెన్స్‌ని ఒకరోజు 50 దగ్గర, ఒకరోజు 35 దగ్గర, ఒకరోజు 24 దగ్గర పెట్టి, రింగ్ తిప్పకుండా మీ ఇంట్లోనే తీయండి. ఏది మీ చేతికి కుదురుతుందో మూడో రోజుకి తెలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త. 1.8 దగ్గర రెండు మీటర్ల దూరంలో ఫోకస్ ఉండే లోతు 11 సెంటీమీటర్లే, జానెడు కూడా ఉండదు. పెళ్లికూతురు మొహం షార్ప్‌గా వచ్చి, అర అడుగు వెనక ఉన్న పెళ్లికొడుకు మసకగా వస్తాడు. అత్తారింటివాళ్లు ఊరుకోరు! ఇద్దరున్నప్పుడు ఎపర్చర్ 2.8, నలుగురున్నప్పుడు 4 పెట్టుకోండి.

డబుల్ కిట్ ఆఫర్ల గురించి కూడా చెప్పాలి. కెనాన్ 75-300 లెన్స్ చూడ్డానికి పొడుగ్గా, చవగ్గా ఉంటుంది. దాంట్లో స్టెబిలైజర్ లేదు. జూమ్ కావాలంటే 55-250 ఐఎస్ ఎస్‌టీఎమ్ కోసం ఆగండి. అదీ ఇప్పుడే అవసరం లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు చూసి, పట్టుకుని, తీసి చూసుకునే కొనండి. కోఠిలో కొన్నా, మీ ఊరి స్టూడియోలో కొన్నా అంతే. ఆన్‌లైన్ యాడ్ చూసి అడ్వాన్స్ పంపడం మాత్రం వద్దే వద్దు. లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, బీరువాలో పెట్టి మర్చిపోయిన లెన్సులకి ఇది మామూలే. అలాంటిది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. సెన్సార్ కోసం ఎపర్చర్ 16 పెట్టి తెల్ల గోడని ఫోకస్ లేకుండా తీసి జూమ్ చేయండి. నల్లమచ్చలు ఉంటే దుమ్ము, దాన్ని శుభ్రం చేయించొచ్చు. గీత లాంటిది ఉంటే వదిలేయండి.

షట్టర్ కౌంట్ అని అడుగుతారు. ఈ తరగతి కెమెరాలకి లక్ష దాకా అని అనుకుంటారు, అది హామీ కాదు. నికాన్ అయితే ఆ అంకె ఫోటో ఫైల్ లోపలే ఉంటుంది. కెనాన్‌లో ఈ బాడీల ఫోటోల్లో అది కనపడదు. ఫైల్ పేరులో ఉన్న నంబర్ చూపించి "చూడండి సార్, రెండు వేలే" అంటే నమ్మకండి, అది 9999 తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. గ్రిప్ రబ్బరు, హాట్ షూ పట్టీల రంగు చూడండి. పట్టీల మీద పెయింట్ పోయి ఇనుము మెరుస్తుంటే ఆ కెమెరా పెళ్లిళ్లు బాగానే చూసిందని అర్థం. బిల్లు మీద సీరియల్ నంబర్, కెమెరా కింద నంబర్ ఒకటేనా అన్నది తప్పకుండా సరిచూసుకోండి.

ఇప్పుడు తమ్ముడికి నా జవాబు. ఈఎమ్ఐ వద్దు. పెళ్లిళ్లకి సీజన్ ఉంటుంది, మూఢం వచ్చిందంటే నెలల తరబడి ఖాళీ. ఈఎమ్ఐకి మూఢం ఉండదు. పని మొదలవకముందే అప్పు మొదలవకూడదు.

కొనడానికి ముందు ఆ ఫోటోగ్రాఫర్ గారి దగ్గరికి వెళ్లి "అన్నా, మీరు ఏ మౌంట్ వాడుతున్నారు?" అని అడుగు. ఆయన కెనాన్ ఈఎఫ్ అయితే నువ్వూ కెనాన్, ఆయన నికాన్ ఎఫ్ మౌంట్ అయితే నువ్వూ నికాన్. ఫంక్షన్ రోజు ఆయన బ్యాగులోని లెన్స్, ఫ్లాష్ నీకూ అందుతాయి. నేను ఇంతసేపు చెప్పిన పోలికలన్నిటి కంటే ఇదే పెద్ద లాభం. ఆయన ఇప్పటికే కెనాన్ మిర్రర్‌లెస్‌కి మారి ఉంటే, ఆయన ఆర్‌ఎఫ్ లెన్సులు నీ డిఎస్ఎల్ఆర్‌కి సరిపోవు. కానీ నీ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆయన బాడీకి సరిపోతాయి. అంటే రేపు నువ్వు మారినా లెన్స్ మీద పెట్టిన డబ్బు పోదు.

కెనాన్ అయితే మొదటి 200డి, 18-55 ఐఎస్ ఎస్‌టీఎమ్‌తో కలిపి 27, 28 వేలకి మించకుండా వెతుకు. దొరికేదాకా ఆగు. 50 ఎమ్ఎమ్ 1.8 ఎస్‌టీఎమ్ సెకండ్ హ్యాండ్‌లో ఐదారు వేలు పెట్టు. మిగిలిన దాంట్లో మంచి కంపెనీ మెమరీ కార్డులు రెండు, ఒక స్పేర్ బ్యాటరీ. వంటింట్లోంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని సిలికా జెల్ ప్యాకెట్లు వేసి కెమెరా అందులో పెట్టు, గోదావరి తేమకి అది చాలు. ఏమైనా మిగిలితే ఫ్లాష్ కోసం దాచు.

ఒక్కటి గుర్తుంచుకో తమ్ముడూ. ఈ కెమెరాలన్నిట్లో కార్డు స్లాట్ ఒక్కటే. కార్డు చెడితే ఫోటోలు పోతాయి, మూడుముళ్లు మళ్లీ వేయించలేం. సెకండ్ కెమెరాగా వెళ్లినంత కాలం పర్వాలేదు, అసలు కెమెరా పక్కనే ఉంది. ఎవరైనా చుట్టాలు "నువ్వే మొత్తం తీసెయ్, ఐదు వేలు ఇస్తాం" అంటే మాత్రం ఈ కెమెరాతో ఒప్పుకోకు. బారసాల, పుట్టినరోజు ఒప్పుకో. పెళ్లి వద్దు.

కెమెరా చేతికి రాగానే ఆటో మోడ్ తీసేసి, షట్టర్ 1/125, ఆటో ఐఎస్ఓ గరిష్ఠం 3200, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టి ఇంట్లోవాళ్లని సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తీస్తూ ఉండు. సీజన్ మొదలయ్యేలోపు రోజుకో వంద. ఫ్లాష్ పైకప్పుకి కొట్టి ఎలా తీయాలి, రంగుల షామియానా కింద అలా కొడితే మొహాలు ఎందుకు ఎర్రగా వస్తాయి అన్నది వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఆ ఫోటోగ్రాఫర్ గారు ఏ మౌంట్ అన్నారో నాకు మెసేజ్ పెట్టు తమ్ముడూ.