టాబ్లెట్ మీకా, మీ పిల్లికా?

నేను మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. ఎవరైనా వచ్చి "అన్నా, జ్వరం టాబ్లెట్ ఒకటివ్వు" అంటే నేను ముందు అడిగేది ఒకటే: "ఎవరికి?" కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. కానీ అప్పుడప్పుడు "మా పిల్లికన్నా, పొద్దున్నుంచి ఏమీ తినట్లేదు" అనే జవాబు వస్తుంది చూడండి, ఆ ప్రశ్న దానికోసమే.

పారాసిటమాల్ లేని ఇల్లు ఉండదు. పిల్లికి మాత్రం అది విషం. మన లివర్ ఆ మందుని మార్చి బయటికి పంపేస్తుంది. పిల్లి లివర్‌కి ఆ పని సరిగా చేతకాదు. దాంతో రక్తం ఆక్సిజన్‌ని మోయలేకపోతుంది. చిగుళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరాడదు. ఒక్క 500 ఎంజీ టాబ్లెట్‌తో ప్రాణం పోవచ్చు. "సగం వేస్తే?" అని అడుగుతారు. సగం కూడా వద్దు. ఇప్పటికే వేసేశారా? లక్షణాలు కనబడేదాకా ఆగొద్దు, ఆ స్ట్రిప్ తీసుకుని వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. విరుగుడు ఉంది, కానీ ఎంత త్వరగా పడితే అంత మంచిది.

కుక్కకి ఐబూప్రొఫెన్ కూడా అంతే, కడుపులో పుండ్లు, ఆపైన కిడ్నీలకి దెబ్బ. షుగర్ ఫ్రీ సిరప్‌లో జైలిటాల్ ఉందేమో చూడండి, కుక్కకి అది పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కుక్క పిడుదులకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాయకండి, ఫిట్స్ వస్తాయి.

మరి మా షాపుతో మీకేం పని? చాలా ఉంది. వెటర్నరీ డాక్టర్లు మనుషుల మందులు కూడా రాస్తారు. ఆ చీటీ, మీ కుక్క బరువు రెండూ తెండి. అర ఎంఎల్ అంటే ఎంతో సిరంజిలో గీత చూపించి పంపిస్తాను. షుగర్ ఉన్న కుక్కకైతే ఇన్సులిన్ సీసా మీద 40 ఉందో 100 ఉందో కచ్చితంగా చూడాలి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి ఆరెంజ్ మూత. మారిపోతే డోసే తలకిందులైపోతుంది. ఇది కౌంటర్ దగ్గర నిమిషంలో తేలే విషయం, మొహమాటపడకుండా అడగండి.

ఇంకోటి. మీ పెట్ గీరిందా, కరిచిందా? ఆయింట్‌మెంట్ అడక్కండి, నేనివ్వను. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి.

మీ పిల్లి బరువెంతో కామెంట్‌లో పెట్టండి చూద్దాం. తెలీదా? అయితే ఇవాళే తూచండి!