తలుపు గొళ్లేనికి ఎర్ర రిబ్బను



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నేను హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేస్తున్నాను. మూడు వారాలే అన్నారు. ఆ మూడు వారాలు నెలలయ్యాయి. మరుసటి ఏడాది అద్దె ఇల్లు ఖాళీ చేసి తెనాలిలో మా అత్తగారింటికి వచ్చేశాం. ఇప్పటికీ నా ఆఫీసు ఇక్కడే, వీధి వైపు గదిలో కిటికీ పక్కన. ఈమధ్య తెలిసినవాళ్లు తరచుగా అడుగుతున్నారు, "అక్కా, మాకూ ఇకమీదట పూర్తిగా ఇంటినుంచే పని అన్నారు, ఏమేం కొనుక్కోవాలి?" అని. కొనేవి చెబుతాను. డబ్బు పెట్టి కొనలేనిది కూడా ఒకటుంది. అసలు దాని గురించి మాట్లాడదామనే వచ్చాను.

ముందు ఒంటి సంగతి. మొదట్లో మంచం మీద, ఆ తర్వాత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పని చేశాను. ఆరు నెలలకు నడుం పట్టేసింది. మెడ నుంచి కుడిచేతి వేళ్ల దాకా తిమ్మిర్లు. ఫిజియోథెరపీకి వెళితే అక్కడ ఆవిడ కుర్చీ ఖరీదు అడగలేదు. కూర్చున్నప్పుడు పాదాలు ఎక్కడుంటాయి, మోచేతులు ఎక్కడుంటాయి, చూపు ఎక్కడుంటుంది అని అడిగారు. మూడూ తప్పుగానే ఉన్నాయి.

మన డైనింగ్ టేబుళ్ల ఎత్తు సుమారు 30 అంగుళాలు. అన్నం తినడానికి బాగుంటుంది. టైపు చేయడానికి మాత్రం అయిదడుగులు దాటీ దాటని ఆడవాళ్లకు అది ఎక్కువే. భుజాలు పైకి ఎగదోసుకుని కూర్చోవాలి. అందుకని కుర్చీలో గట్టి దిండు వేసుకోవాలి. దిండు వేస్తే కాళ్లు నేలకు అందవు, కుర్చీ అంచు తొడలకు ఒత్తుకుంటుంది. కాబట్టి కాళ్ల కింద పీట కావాలి. అటక మీద పడి ఉన్న పాత భోజనాల పీట దింపి పెట్టుకున్నాను. నడుం వెనక చిన్న తువ్వాలు చుట్ట. వారంలో తేడా తెలిసింది.

ఇక లాప్‌టాప్. దానికి తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి. తెర కళ్లకు ఎదురుగా ఉండేలా పెడితే చేతులు గాలిలో ఉంటాయి, చేతులకు అందేలా పెడితే మెడ వంగిపోతుంది. రోజూ ఎనిమిది గంటలు దాంతో పనంటే విడిగా ఒక కీబోర్డు, మౌసు తప్పవు. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. లాప్‌టాప్‌ని నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెట్టి, తెర పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా చూసుకోండి. తెర చేయి చాచినంత దూరంలో ఉంటే మంచిది. కిటికీ పక్కగా ఉండాలి, వీపు వెనక ఉండకూడదు. వెనక ఉంటే వెలుతురంతా తెర మీద మెరుస్తుంది, వీడియో కాల్‌లో మీ ముఖం నల్లగా కనిపిస్తుంది. తెర చూస్తున్నంతసేపూ మనం రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్లు మండేది అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల దేన్నైనా 20 సెకన్లు చూడండి. నేను పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టును చూస్తాను.

కరెంటు, ఇంటర్నెట్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. రౌటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కరెంటు పోయినా కొన్ని గంటలు నడిపిస్తుంది. వైఫై గోడలు దాటేకొద్దీ బలహీనపడుతుంది, వీలైతే కేబుల్‌తోనే కలుపుకోండి. ఫోన్లో సిమ్ మాత్రం ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరే కంపెనీది పెట్టుకోండి. రెండూ ఒకేసారి పోవడం అరుదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, డబ్బు పెట్టి కొనలేని ఇంట్లోవాళ్ల సహకారానికి. ఇంటినుంచి పని మనకు కొత్త కాదు. మా దగ్గర్లో మంగళగిరి ఉంది. అక్కడ చేనేతవారి ఇళ్లలో మగ్గం గుంట ఇంట్లోనే ఉంటుంది, కండెలు చుట్టేది ఇంట్లోవాళ్లే. మగ్గం చప్పుడు వినిపిస్తుంటే మనిషి పనిలో ఉన్నట్టని పసిపిల్లలకూ తెలుసు. లాప్‌టాప్‌కు ఆ చప్పుడు లేదు. మనిషి కుర్చీలో కూర్చుని ఉంటుంది, అంతే. చూసేవాళ్లకు అందులో పని కనపడదు. ఇక అక్కణ్ణుంచి "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట మొదలవుతుంది. ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో. ఇంట్లోనే ఉన్నావుగా, పిల్లవాణ్ణి బడినుంచి తీసుకురా. ఇంట్లోనే ఉన్నావుగా, మావాళ్లు నలుగురు భోజనానికి వస్తున్నారు.

ఇది ఆడవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. నేను చూసిన చాలా ఇళ్లలో మగవాళ్లు తలుపు వేసుకుంటే టీ లోపలికే వస్తుంది. ఆడవాళ్లు మ్యూట్‌లో పెట్టుకుని పప్పు తాలింపు వేస్తుంటారు. ఉద్యోగం ఒకటే, జీతం ఒకటే, మరి ఈ తేడా న్యాయం కాదు.

మా అత్తయ్యగారికి నా మీద కోపమేమీ లేదు. నేను చేసేదేమిటో ఆవిడకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఒకరోజు కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. ఇదిగో వీళ్లు పుణెలో, ఈయన చెన్నైలో, ఈ పని సాయంత్రంలోగా నేను ఇస్తేనే వాళ్లది కదులుతుంది అని. గంటసేపు కూర్చున్నారు. ఆ రాత్రి మామయ్యగారితో, "మధ్యలో లేవడానికి లేదండీ దానికి" అన్నారు. అప్పుడు అందరం కలిసి ఒక గుర్తు పెట్టుకున్నాం. మా అమ్మాయి ఎర్ర జడ రిబ్బను తలుపు గొళ్లేనికి కట్టి ఉంటే నేను కాల్‌లో ఉన్నట్టు. విప్పి ఉంటే పిలవచ్చు. ఇప్పుడు పక్కింటివాళ్లు వచ్చి "కోడలు సెలవులో ఉందా?" అని అడిగితే అత్తయ్యగారే చెబుతారు, "లేదమ్మా, ఆఫీసులో ఉంది, ఆరింటికి రండి" అని.

అమెరికా వేళల్లో పనిచేసేవారికి ఇంకో మాట. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు చలికాలంలో రాత్రి ఏడున్నర, వేసవిలో సాయంత్రం ఆరున్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు, మనం మార్చం. ఆ గంట తేడా ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. పొద్దున మీరు పడుకునే గదికి మందపాటి తెరలు కట్టించుకోండి. పగటినిద్రకు ఇంటిల్లిపాదీ కాపలా ఉండాలి.

పని మొదలుపెట్టడం కంటే ముగించడం కష్టం. ఆఫీసులో క్యాబ్ ఎక్కగానే రోజు అయిపోయేది. ఇక్కడ అలా కాదు. మొదటి వారం రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్‌కు వెంటనే జవాబిస్తే, రెండో వారం నుంచి అది మీ డ్యూటీ అవుతుంది. పని వేళలు మొదట్లోనే మేనేజరుతో మాట్లాడి, ఈమెయిల్లో రాయించుకోండి. నేను ఆరింటికి లాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టి, కూరగాయల సంచి పట్టుకుని మార్కెట్ దాకా నడుస్తాను. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆఫీసునుంచి వస్తున్నట్టే ఉంటుంది.

చదువు ముగించి తొలి ఉద్యోగంలో చేరేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. వీలుంటే మొదటి ఏడాది ఆఫీసుకే వెళ్లండి. పక్క కుర్చీలో సీనియర్ చేసేది చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. వీలు లేకపోతే రోజూ పావుగంట వాళ్లతో కాల్ అడిగి తీసుకోండి, మొహమాటపడకండి.

చివరిగా, ఇంటినుంచి పనిచేసేవాళ్లున్న ఇళ్లలో పెద్దలకు ఒక మనవి. ఈ ఆదివారం మీ అబ్బాయినో, కోడలినో, కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని "నీ పనేమిటో, ఏ వేళప్పుడు పిలవకూడదో చెప్పు" అని మీరే అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పడానికి జంకుతున్నారు.