ఎదుటివారు వింటుండగా: యాయెల్ రోనెన్ నాటక జీవితం



మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆయన దగ్గర వేషం కట్టినవాళ్లు, రిహార్సల్లో చీవాట్లు తిన్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. కాబట్టి మాస్టారి గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. డైలాగు ఎంత బాగా చెప్పినా ఆయనకు సరిపోయేది కాదు. ఎదుటి పాత్ర దాన్ని ఎలా వింటోందో చూసి, సన్నివేశం పండిందో లేదో తేల్చేవారు. వినడం మీద అంత పట్టింపు ఉన్న మనిషి స్మృతిలో మాట్లాడుతున్నాను గనుక, వినడాన్నే తన నాటకానికి పునాదిగా చేసుకున్న ఒక దర్శకురాలిని ఈరోజు అంశంగా ఎంచుకున్నాను.

ఆమె పేరు యాయెల్ రోనెన్. ఇజ్రాయెల్‌లో పుట్టి, బెర్లిన్‌లో స్థిరపడిన నాటక రచయిత్రి, దర్శకురాలు. ఆమె నాటకాల్లో యూదులు, పాలస్తీనియన్లు, జర్మన్లు, సెర్బులు, బోస్నియన్లు, సిరియన్లు, రోమాలు తమ తమ గొంతులతో మాట్లాడతారు. ఆ మాట వినడం ఎవరికి అందరికన్నా కష్టమో, వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. నలభై నిమిషాల నాటిక రాసే మనవాళ్లకు కూడా ఈ పద్ధతిలో నేర్చుకోవలసింది ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వలస వచ్చిన నాటకశాల, వలస వెళ్లిన బిడ్డ

యాయెల్ 1976లో జెరూసలేంలో పుట్టారు. ఇంటిల్లిపాదీ నాటకాలవాళ్లే. తల్లి నటి. తండ్రి ఇలాన్ రోనెన్ పేరున్న దర్శకుడు, ఇజ్రాయెల్ జాతీయ నాటకశాల హబీమాకు చాలా ఏళ్లు కళాదర్శకుడిగా ఉన్నాడు. సోదరుడు మైఖేల్ కూడా ఈ రంగాన్నే ఎంచుకున్నాడు.

హబీమా కథ కొంచెం తెలిస్తే యాయెల్ కథ బాగా అర్థమవుతుంది. ఆ నాటక సమాజం ఇజ్రాయెల్‌లో పుట్టలేదు. 1917 ప్రాంతంలో మాస్కోలో, హీబ్రూలో నాటకాలాడాలన్న పట్టుదలతో కొందరు యువకులు దాన్ని నిలబెట్టారు. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ వాళ్లకు అండగా నిలిచాడు. ఆయన శిష్యుడు వఖ్తాంగోవ్ 1922లో 'డిబ్బుక్' నాటకానికి దర్శకత్వం వహించి ఆ సమాజానికి ప్రపంచఖ్యాతి తెచ్చాడు. 1926లో వాళ్లు రష్యా విడిచారు. దేశాలు తిరిగారు. 1930లో బెర్లిన్‌లో ఉన్నప్పుడు మిఖాయిల్ చెహోవ్ వాళ్లచేత షేక్‌స్పియర్ 'ట్వెల్త్ నైట్' ఆడించాడు. చివరికి టెల్ అవీవ్ చేరారు. 1958లో హబీమాకు జాతీయ నాటకశాల హోదా దక్కింది. తండ్రి నడిపిన నాటకశాల అలా మాస్కో నుంచి బెర్లిన్ మీదుగా టెల్ అవీవ్ వస్తే, కూతురు టెల్ అవీవ్ నుంచి బెర్లిన్‌కు వెళ్లింది. అక్కడికి వట్టి చేతులతో వెళ్లలేదు. సమష్టిగా నాటకం కట్టే పనిని అప్పటికే చేసి చూసింది.

టెల్ అవీవ్: తొలి ప్రయత్నం

2005లో టెల్ అవీవ్‌లోని కామెరీ థియేటర్‌లో ఆమె 'ప్లోంటర్' ప్రదర్శించారు. చిక్కుముడి అని దాని అర్థం. రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనియన్ల రెండో తిరుగుబాటు, మిగిల్చిన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. యూదు నటులు, అరబ్బు నటులు కలిసి, నెలల తరబడి చర్చించుకుంటూ, పోట్లాడుకుంటూ ఆ నాటకం కట్టారు. అందులో ఒక సన్నివేశం ఉంది. ఉదారభావాలున్న ఒక యూదు జంట తమ ఇంటికి ఒక అరబ్బు జంటను భోజనానికి పిలుస్తుంది. మర్యాదకు లోటు లేదు, వడ్డనకు లోటు లేదు. అయినా నోరు విప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పు దొర్లుతూనే ఉంటుంది. తాము మంచివాళ్లమని నిరూపించుకోవాలన్న ఆ జంట తాపత్రయమే అతిథులను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ తమ ఇంటి భోజనాల బల్లను గుర్తుపడతారు. యాయెల్ హాస్యం ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది. దుర్మార్గుణ్ణి చూసి నవ్వడం సులువు. సదుద్దేశం ఉన్నవాడిలో దాగిన గర్వాన్ని చూపి నవ్వించడానికి చాలా నేర్పు కావాలి.

మూడో తరం

ఆ తర్వాత హబీమా, బెర్లిన్‌లోని షౌబ్యూనె థియేటర్ కలిసి 'మూడో తరం' అనే నాటకానికి పూనుకున్నాయి. 2008లో పని మొదలై, 2009లో నాటకం బెర్లిన్ వేదికెక్కింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు మనుషులకు మనవలైన ఇజ్రాయెలీ, జర్మన్, పాలస్తీనా నటులు అందులో ఉన్నారు. హోలోకాస్ట్‌లో బంధువులను పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు, ఆ ఘోరం చేసిన దేశపు పిల్లలు, 1948లో ఇళ్లూ ఊళ్లూ పోగొట్టుకున్నవారి పిల్లలు ఒకే వేదిక మీద నిలబడ్డారు.

నాటకం మొదట్లో నీల్స్ బోర్మన్ అనే జర్మన్ నటుడు ప్రేక్షకుల ముందుకు వచ్చి క్షమాపణ చెప్పడం మొదలుపెడతాడు. ముందు యూదులకు. తర్వాత ఇంకొకరికి, ఆ తర్వాత మరొకరికి. ఎవరినీ వదిలిపెట్టకూడదన్న ఆత్రంలో ఒక్కో సమూహానికీ వరసగా చెప్పుకుంటూ పోతాడు. క్షమాపణ పెరిగేకొద్దీ దాని బరువు తగ్గిపోతుంది. అపరాధభావం ఎప్పుడు అలవాటుగా మారుతుందో, ఎప్పుడు తన గురించి తాను చెప్పుకోవడానికి సాకవుతుందో ఈ సన్నివేశం కళ్లకు కట్టిస్తుంది. తర్వాత మిగతావాళ్లు లేచి, ఎవరి దుఃఖం పెద్దదో తేల్చుకునే పోటీలో దిగుతారు. ఆ పోటీలో ఎవరూ గెలవరు. ఒక దుఃఖాన్ని మరో దుఃఖంతో తూచకూడదని ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. తూస్తూ ఉంటే మనుషులు ఎంత చిన్నబోతారో చూపించారు. పదేళ్ల తర్వాత, 2019లో, బెర్లిన్‌లోని గోర్కీ థియేటర్‌లో ఇదే నాటకాన్ని మళ్లీ విప్పి, కొత్త కాలానికి తగ్గట్టు తిరగరాశారు.

గోర్కీ పేరున్న ఇల్లు

'అమ్మ' నవల చదివి పెరిగిన తెలుగువాళ్లకు గోర్కీ ఇంటిమనిషి. బెర్లిన్‌లో ఆయన పేరు పెట్టుకున్న మాక్సిమ్ గోర్కీ థియేటర్ యాయెల్ పనికి నెలవైంది. ఆ భవనం 1827లో ఒక గాయక సమాజం కోసం కట్టింది. 1829లో మెండెల్‌సన్ అక్కడే బాఖ్ 'సెయింట్ మాథ్యూ ప్యాషన్'ను పునరుద్ధరించాడు. 1848లో ప్రష్యా జాతీయ సభ అక్కడే కొలువుదీరింది. తూర్పు జర్మనీ కాలంలో, 1952లో, అది గోర్కీ పేరుతో నాటకశాల అయింది. 2013లో షెర్మిన్ లాంగ్‌హాఫ్ దాని బాధ్యత తీసుకున్నారు. ఆమె టర్కీ నుంచి జర్మనీకి వలస వచ్చిన కుటుంబపు బిడ్డ. ఎక్కడెక్కడి నుంచో వచ్చి బెర్లిన్‌లో స్థిరపడినవారి కథలు నాటకశాలకు పెరటి గుమ్మంలోంచి కాక సింహద్వారంలోంచి రావాలని ఆమె నిశ్చయించారు. ఆ కొలువులో యాయెల్ స్థిర దర్శకురాలయ్యారు.

2014లో వచ్చిన 'కామన్ గ్రౌండ్' ఆమె రచనలన్నిటిలో నాకు చాలా విలువైనది. యుగోస్లావియా ముక్కలైనప్పుడు చిన్నపిల్లలుగా ఉండి, బెర్లిన్ చేరి నటులైనవాళ్లను ఆమె ఒకచోట చేర్చారు. ఇజ్రాయెలీ నటి ఓరిత్ నహ్మియాస్, జర్మన్ నటుడు నీల్స్ బోర్మన్ బయటివాళ్లుగా తోడయ్యారు. అందరూ కలిసి బోస్నియా వెళ్లి, యుద్ధంలో నలిగిన ఊళ్లు చూశారు, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడారు. ఆ ప్రయాణమే నాటకమైంది.

ఆ బృందంలో ఇద్దరు యువతులున్నారు. ఒకామె తండ్రి బోస్నియాలోని ప్రియెదోర్ ప్రాంతపు నిర్బంధ శిబిరాల్లో ఆచూకీ లేకుండా పోయాడు. రెండో ఆమె తండ్రి ఆ శిబిరాలు నడిపినవారి పక్షాన ఉన్నవాడు. వీళ్లిద్దరూ వేరే ఎక్కడ ఎదురుపడినా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కష్టం. బెర్లిన్‌లో ఒకే నాటకబృందంలో సహనటులయ్యారు. ఇక్కడ ఎవరు ఎవరిని క్షమించాలి? కూతురు తండ్రి తరఫున క్షమాపణ అడగగలదా? ఇంకో కూతురు ఆచూకీ లేని తండ్రి తరఫున క్షమించగలదా? నాటకం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి చేతులు దులుపుకోదు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఒకరి మాట ఒకరు విని, అదే వేదిక మీద మర్నాడు మళ్లీ నిలబడతారు. అంతకు మించిన సయోధ్య ఏదీ ఆ నాటకం వాగ్దానం చేయదు. జర్మన్ భాషా నాటకాల్లో మేటివాటికి ఏటా జరిగే బెర్లిన్ థియాటర్‌ట్రెఫెన్ ఉత్సవానికి 2015లో దీన్ని ఆహ్వానించారు.

2015 సెప్టెంబరులో 'ద సిచువేషన్' వచ్చింది. సిరియా నుంచి లక్షలాది శరణార్థులు ఐరోపా దారి పట్టిన సంవత్సరం అది. నాటకం జరిగేది బెర్లిన్‌లోని నాయ్‌కోల్న్ పేటలో, జర్మన్ భాష నేర్పే తరగతిలో. ఇజ్రాయెలీ యువతి, ఆమె నుంచి విడిపోయిన పాలస్తీనా భర్త, సిరియా నుంచి వచ్చినవాడు, పాలస్తీనా నుంచి వచ్చిన యువతీ యువకులు అక్కడ విద్యార్థులు. పంతులు స్టెఫాన్. ఏ భాషా తరగతిలోనైనా అడిగే ప్రశ్నలే అడుగుతాడు: నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు. ఒక్క వాక్యంలో చెప్పాల్సిన ఆ జవాబు ఎవరికీ ఒక్క వాక్యంలో కుదరదు. ఇజ్రాయెల్ పౌరుడైన పాలస్తీనియన్ తన దేశం పేరు చెప్పబోయి ఆగిపోతే, పక్కనున్నవాళ్లు అందుకుంటారు, తరగతి రణరంగమవుతుంది. జర్మన్, ఇంగ్లీషు, అరబిక్, హీబ్రూ కలగాపులగంగా దొర్లుతాయి. అందరికీ జర్మన్ నేర్పుతున్న స్టెఫాన్ కూడా కజకిస్తాన్ నుంచి పిల్లవాడిగా వలస వచ్చినవాడేనని చివర్లో బయటపడుతుంది. జర్మన్‌గా కనిపించడానికి అతను ఎంత మూల్యం చెల్లించాడో ఆ పాత్ర వేసిన దిమిత్రీ షాద్ చెప్పే దీర్ఘ స్వగతంలో వింటాం. 2016లో 'థియేటర్ హోయ్టె' పత్రిక విమర్శకుల ఎంపికలో ఇది జర్మన్ భాషలో ఆ ఏటి ఉత్తమ నాటకంగా నిలిచింది. 2017లో రోమ్‌లో ఆమెకు యూరప్ థియేట్రికల్ రియాలిటీస్ పురస్కారం అందింది.

రచన ఎలా సాగుతుంది

ఈ నాటకాల మీద 'యాయెల్ రోనెన్, నటబృందం' అని రచయితల పేరుంటుంది. అది మర్యాదకు వేసిన పేరు కాదు. రిహార్సల్ మొదలయ్యేనాటికి పూర్తయిన ప్రతి ఉండదు. అంశం ఉంటుంది, మనుషులుంటారు. వాళ్లు తమ కుటుంబాల కథలు చెబుతారు, వాదించుకుంటారు, అప్పటికప్పుడు నటించి చూపుతారు. అందులోంచి ఏరి, కత్తిరించి, కల్పన జోడించి ఆమె నాటకం అల్లుతారు. నటుడి సొంత జీవితం ఎక్కడ ఆగి, పాత్ర ఎక్కడ మొదలైందో ప్రేక్షకుడికి తెలియదు. ఆ తెరచాటు నటుడికి రక్షణ కూడా.

ఈ పద్ధతి మీద గట్టి విమర్శ ఉంది. నటుల గాయాలను ప్రదర్శనకు పెట్టడం న్యాయమా? ఇంత దుఃఖం మధ్య ఇన్ని జోకులా? ఈ ప్రశ్నలను తేలిగ్గా తీసెయ్యకూడదు. నా సమాధానం ఇది: ఏది చెప్పాలో, ఏది దాచాలో తేల్చే హక్కు నటుడి చేతిలో ఉన్నంతవరకు అది ప్రదర్శన కాదు, రచన. ఇక నవ్వు సంగతి. కోపంతో బిగుసుకుపోయిన మనిషి వినలేడు. నవ్వినప్పుడు ఆ బిగువు క్షణకాలం సడలుతుంది, అప్పుడు మాట లోపలికి వెళుతుంది. ఆమె హాస్యం నాటకం మీద చల్లిన అలంకారం కాదు, వినిపించడానికి ఎంచుకున్న ఉపాయం.

2023 తర్వాత

2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆ వెంటనే గాజా మీద యుద్ధం వచ్చాయి. ఆ నెలలో జరగాల్సిన 'ద సిచువేషన్' ప్రదర్శనను గోర్కీ థియేటర్ రద్దు చేసింది. ఆ నిర్ణయం మీద బెర్లిన్‌లో పెద్ద వాదమే నడిచింది. మరణాల వార్తలు గంట గంటకూ వస్తున్నప్పుడు నటులను ఆ వేదిక మీద నిలబెట్టి నవ్వించమనడం ఎంత కష్టమో నేను ఊహించగలను. అయినా ఇలాంటి రోజుల కోసమే కట్టిన నాటకం ఇలాంటి రోజునే ఆగిపోవడం నాటకరంగానికి నష్టమని అనుకుంటున్నాను. దేశం విడిచి వెళితే దూరం దొరుకుతుంది. ఆ దూరం శాశ్వతమైన భద్రత ఇవ్వదని ఆ నెల తేల్చింది.

ఆమె మాత్రం ఆగలేదు. ఆ డిసెంబరులోనే షౌబ్యూనెలో, స్వరకర్త ష్లోమి షబన్‌తో కలిసి 'బకెట్ లిస్ట్' అనే సంగీత నాటకం చేశారు. బాధపెట్టే జ్ఞాపకాలను చెరిపేయించుకునే అవకాశం దొరికితే మనిషి ఏమవుతాడన్నది దాని ఇతివృత్తం. జ్ఞాపకం మోయలేనంత బరువే, కానీ దాన్ని వదిలేస్తే మిగిలే మనిషి ఎవరు? 2024 థియాటర్‌ట్రెఫెన్‌కు ఆ నాటకమూ ఎంపికైంది.

మనం తీసుకోవలసింది

విద్యార్థులారా, యాయెల్ రోనెన్ శైలిని అనుకరించమని నేను చెప్పడం లేదు. ఆమె నాటకాలు బెర్లిన్‌లో, ఆ మనుషులతో పుట్టాయి. మనకు మన పరిషత్తులున్నాయి, మన ప్రేక్షకులున్నారు, రచయిత రాసిన ప్రతిని గౌరవించే మంచి సంప్రదాయం ఉంది. అవి అలాగే ఉండనివ్వండి. ఆమె దగ్గర తీసుకోవలసింది ఒక క్రమశిక్షణ. ప్రాజెక్టు కింద ఊరు పోగొట్టుకున్నవాడి గురించి నాటిక రాసేటప్పుడు, అతన్ని రిహార్సల్ గదికి పిలవండి. కులం పేరుతో అవమానపడ్డ మనిషి పాత్రను ఎవరు రాస్తున్నారో, ఎవరు వేస్తున్నారో, ప్రతి చదివేటప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారో చూసుకోండి. మీ పాత్ర చెప్పే మాట ఎవరికి మింగుడుపడదో, వాళ్లు ఎదురుగా కూర్చున్నా ఆ మాట అలాగే చెప్పగలరా అని పరీక్షించుకోండి. చెప్పలేకపోతే, వాక్యం మార్చే ముందు మళ్లీ వెళ్లి వినండి.

మన నాటకాల్లో మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. వినే పాత్రలను రాయడం, వినే నటులను తయారుచేయడం ఇప్పుడు మన పని. మాస్టారి పేరు మీద ఏటా సభ పెట్టడం మంచిదే. ఆయన పట్టుబట్టిన ఆ పనిని ప్రతి రిహార్సల్లోనూ చేయడం ఇంకా మంచిది.